ఎర్తు తీగ

పెట్రోలు పోస్తుండగా రవ్వ లేచి, వీరబాబు తన మోటారు పడవలోనే కాలిపోయాడు. మూడో రోజున అతని భార్య సింగరాయకొండలో మా రిపేరు షాపుకొచ్చింది.

“ట్యాంకుకి ఎర్తు తీగే లేదంటున్నారు బాబాయ్. నువ్వు బిగించలేదా?” అని మా ఆయన జాన్ బాషాను నిలదీసింది.

ఆ తీగ విప్పింది నేను. పెట్రోలు ట్యాంకుకి కరెంటు తీగేమిటి, అంటుకోదూ అని భయమేసి, పడవ మా దగ్గర రిపేరులో ఉండగా, ఆయన నమాజుకు వెళ్లినప్పుడు విప్పి పారేశాను. రవ్వ పుట్టకుండా కాచేది ఆ తీగేనని వీరబాబు పోయాకే నాకు తెలిసింది.

నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

“తప్పు నాదేనమ్మా. తీగ లేకుండా పంపాను.”

“నీ చేతులు పడిపోను! నిన్ను నమ్మే గదా ఎక్కాడు!” అని ఆమె మన్నెత్తి ఆయన మొహాన కొట్టింది. ఆయన తుడుచుకోలేదు.

ఆమె వెళ్లాక ఆయన కాళ్లు పట్టుకున్నాను.

“నా పాపం నువ్వెందుకు నెత్తినేసుకున్నావయ్యా? విప్పింది నేను.”

“తెలుసు. పడవ పంపేటప్పుడే చూశాను.”

“మరి మళ్లీ బిగించలేదేం?”

ఆయన నన్ను లేవదీసి కూర్చోబెట్టాడు.

“బిగిస్తే, అంటుకుంటుందేమోనన్న భయంతో పడవ తిరిగొచ్చేదాకా నువ్వు ముద్ద ముట్టవు. ఎన్నిసార్లు చూళ్లేదు? ఒక్క రోజుకేమవుతుంది, నీకు తెలియకుండా రేపు రేవుకెళ్లి బిగిద్దాంలే అనుకున్నా.”