రేడియో వండిన చేపల పులుసు

"కారం కాస్త తగ్గించండి" అంది భార్య.

"తగ్గించడానికి ఇదేమైనా పథ్యం కూరా? మూడు చెంచాలూ పడాల్సిందే."

"మండుతుందండీ."

"మండనీ."

లుంగీ పైకి మడిచి కట్టి, భుజాన గుడ్డ వేసుకొని, పొయ్యి ముందు నిలబడ్డాడు కండక్టర్. ముప్ఫై ఏళ్ళుగా సిటీ బస్సులో టికెట్లు కొడుతున్న మనిషి. డిపోలో అందరూ ఆయన్ని 'రేడియో' అంటారు. ఎక్కినవాడి ఇంటి గొడవలూ, దిగినవాడి పెళ్ళి కబుర్లూ బస్సంతా ప్రసారం చేసేవాడు. ఇంటికొచ్చినా ఆ పెట్టె ఆగేది కాదు. "కాసేపు ఆ నోటికి తాళం వెయ్యండి మహానుభావా!" అని భార్య రోజుకు పదిసార్లు మొత్తుకునేది.

ఆ ఇంట్లో వంటంతా ఆమెదే. చేపల పులుసు ఒక్కటే ఆయన సొత్తు.

ఆ ఆదివారం పొద్దున్నే మార్కెట్టుకు వెళ్ళి జానెడు పొడవున్న చేపలు రెండు తెచ్చాడు. ముక్కలు కొట్టనివ్వలేదు. తలా తోకా ఉంచి, పొట్ట శుభ్రం చేసి, రెండువైపులా గాట్లు పెట్టి, ఉప్పూ పసుపూ పట్టించాడు. నిన్ననే వచ్చిన కూతురు తన ఫోనును పోపుల డబ్బాకు ఆనించి నిలబెట్టింది.

"ఏంటే బుడంకాయ్, ఫోటోలా?"

"రికార్డింగ్ నాన్నా. ఎలా చెయ్యాలో మొదట్నించీ చెప్పు."

"రాసుకుంటే పోయేదానికి!"

"నా రాత నాకే అర్థం కాదు. నువ్వు చెప్పు."

పెళ్ళయి పిల్లలున్నదాన్ని బుడంకాయ్ అంటావేంటి అని ఆమె ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు. ఇవాళ మాత్రం ఫోనును ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"సరే విను. నూనెలో ముందు మెంతులు. అవి నల్లబడ్డాయా, కూరంతా చేదు. తర్వాత ఉల్లిపాయలు. నువ్వు నీ ఫోను చూసుకుంటూ నిలబడితే మాడతాయి, దగ్గరుండాలి. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక కారం, ధనియాల పొడి. చింతపండు రసం పిప్పి లేకుండా వడకట్టు. అది తెర్లాకే చేప దిగాలి. దిగాక గరిటె పెట్టావంటే చెయ్యి విరగ్గొడతా! గుడ్డతో గిన్నె పట్టుకొని, ఇదిగో, ఇలా తిప్పాలి. బస్సు మలుపు తిరిగినట్టు. నిలబడ్డవాడు తూలకూడదు, కూర్చున్నవాడు లేవకూడదు."

కూతురు నవ్వింది. భార్య కూడా నవ్వబోయి ఆగింది.

"ఏమే, పొద్దున్నించి వాగుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా తాళం వెయ్యమనలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

ఆమె సింకు కుళాయి పూర్తిగా తిప్పేసింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆ నీళ్ళ చప్పుడులోనే అంది.

"నన్నొకసారి పేరు పెట్టి పిలవండి."

"ఆఁ?"

"పెళ్ళయిన కొత్తలో పిలిచేవారు. తర్వాత అంతా ఒసేయ్, ఏమే. నా పేరు విని ఎన్నాళ్ళయిందో."

ఆయన మంట తగ్గించాడు. ఆమె వైపు తిరిగి మెల్లగా పిలిచాడు. కుళాయి కట్టేసి ఆమె మళ్ళీ పిలవమన్నట్టు చూసింది. ఈసారి బడిలో హాజరు వేసినట్టు పిలిచాడు. మూడోసారి ఒక చేత్తో తలుపు పట్టుకొని, సగం ఒళ్ళు బయటికి వాల్చి, ఆఖరి స్టాపు వచ్చినప్పుడు అరిచినట్టు ఆ పేరును సాగదీసి సాగదీసి అరిచాడు.

పక్కింటి కిటికీ తెరుచుకుంది. "ఏమైంది అన్నయ్యగారూ?"

"ఏం లేదమ్మా, మా ఆవిడ స్టాపొచ్చింది, దింపుతున్నా."

"రేపు ఊరెళ్తున్నారటగా! అక్కడ చేపలు దొరకవా, ఇంత వాసనొచ్చేలా వండుతున్నారు?"

"దొరకవమ్మా. అక్కడంతా గంజే."

ఆవిడ నవ్వుతూ కిటికీ వేసుకుంది. భార్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏమో, భుజాలు కదులుతున్నాయి.

నూనె పైకి తేలింది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఒక చేప మొత్తం ఆయన కంచంలోకే వచ్చింది. భార్య తన అన్నం కలుపుకోకుండా, పసిపిల్లాడికి తీసినట్టు ముళ్ళు తీసి ముక్క ముక్కగా ఆయన ముందు పెట్టింది.

మొదటి ముద్దకే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతురు మంచినీళ్ళ గ్లాసు అందించింది. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మింగలేదు. కళ్ళు మూసుకొని, పులుసును బుగ్గలో ఇటూ అటూ తిప్పుకుంటూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఉప్పు సరిపోయిందా నాన్నా?"

అప్పుడు మింగాడు. "రవ్వంత తగ్గింది. అది కూడా ఎక్కించుకో నీ ఫోనులో."

తల కూడా వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ నాకాడు. పులుసు మళ్ళీ పోయించుకున్నాడు. మిగతా ఇద్దరి కంచాల్లో వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంది.

తర్వాత వసారాలో కూర్చుని పొద్దువాలే దాకా కబుర్లు చెప్పాడు. మేకను ఒళ్ళో దాచుకొని బస్సెక్కిన ముసలమ్మ కథ, పెళ్ళికొడుకును వేరే పెళ్ళింటి దగ్గర దింపేసిన కథ. తల్లీ కూతుళ్ళు వందసార్లు విన్నవే. మొదటిసారి వింటున్నట్టు "తర్వాతేమైంది? తర్వాత?" అని అడిగి అడిగి చెప్పించుకున్నారు.

క్యాన్సర్ గొంతులోకి పాకకుండా ఉండాలంటే వేరే దారి లేక, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి డాక్టర్లు ఆయన నాలుకను మొదలంటా తీసేశారు.