నడిమి మాట

"అమ్మా, అసలు ఈయన చేసే పనేంటే?"

శ్రీదుర్గ అడిగింది నబీ తాత గురించి.

పెడనలో ఆ పొద్దున వీధి పొడవునా మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల పడుగు సాగదీశారు. నూలుపోగులకు గంజి పట్టించి, రెండు కొసల నుంచీ కుంచెలతో దువ్వుతూ మధ్యకు రావాలి. తూర్పు కొసన తల్లి వెంకటరావమ్మ. పడమటి కొసన పొరుగింటి జక్కయ్య.

నబీ తాత కుంచె పట్టడు. ఈ కొసకు వస్తాడు, తడి పోగుల మీద అరచెయ్యి ఆనిస్తాడు, ఏదో చెప్పి ఆ కొసకు నడుస్తాడు. అతను మళ్లీ వచ్చేదాకా కుంచెలు ఆగాల్సిందే.

మూడేళ్ల కిందట హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వచ్చాడు. సొంతూరేదో ఎవరూ అడగలేదు. కూలి పుచ్చుకోడు. గ్లాసుడు టీ చాలు.

"ఏమోనే! పెద్దాయన. ఆగమంటే ఆగుతాం," అంది తల్లి.

శ్రీదుర్గ మబ్బు వంక చూసింది. వాన పడితే పడుగు పోయినట్టే. పది రోజుల్లో కూచిపూడి డాన్సు స్కూలుకు ఆరు చీరలు అందాలి. ఆ రంగు నూలు మళ్లీ దొరకదు.

లోపల తన కాగితాలూ ఎదురుచూస్తున్నాయి.

హైదరాబాదులో ఆమెది ఫిజిక్సు పరిశోధన. మహా చలిలో వరుసగా నిలిపిన అణువులు. పైకి తిరగాలా, కిందికి తిరగాలా అన్నది ఏ అణువూ తేల్చుకోదు. వాటినలా ఉంచే అయస్కాంత బలం తగ్గిస్తూ పోతే ఒక దశలో తేల్చుకోక తప్పదు. గబుక్కున తగ్గిస్తే కొన్ని పైకీ కొన్ని కిందికీ తిరిగి, కలిసేచోట పొసగక తప్పులు మిగులుతాయి. నెమ్మదిగా తగ్గిస్తే తప్పులు తక్కువ.

"లెక్క బాగుంది. ఎందుకలా అవుతుందో మీ అమ్మకు అర్థమయ్యేలా ఒక్క వాక్యం రాయి. అప్పుడే పేపరు పంపుతా," అన్నాడు గైడు.

ఆ వాక్యమే నెల రోజులుగా రావడం లేదు.

"తాతా, మీరు అరుగు మీద కూర్చోండి. ఆగకుండా దువ్వితే అరగంటలో అయిపోతుంది."

"నడిమి మాట ఎవరు చెప్తారమ్మా?"

"మాటలతో పడుగు ఆరదు తాతా!"

జక్కయ్య పకపకా నవ్వాడు.

నబీ తాత కూడా నవ్వాడు. "అట్టాగేనమ్మా."

కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. అరుగు మీద టీ అలాగే ఉంది. అతను వెళ్లడం ఎవరూ చూడలేదు.

పని అరగంటలో అయింది. మబ్బు విడిపోయింది. ఎండ కాసింది. పోగులు ఆరాయి.

పడుగు మధ్యలో మాత్రం మూరెడు మేర మెలి పడింది.

"తడి మీద పోగులు ఎటైనా వాలతాయమ్మా. ఆరాక ఇంక కదలవు," అన్నాడు జక్కయ్య. "మావైపు ఉత్తరానికి వాలినయ్యి."

"మావైపు దక్షిణానికి," అంది తల్లి గుండెలు బాదుకుంటూ.

"ఇన్నాళ్లూ ఇలా అవలేదే?" అంది శ్రీదుర్గ.

"ఇన్నాళ్లూ తాత చెప్పేవాడు కదమ్మా, 'అటు దక్షిణానికి వాలుతున్నయ్యి, మీరూ దక్షిణానికే దువ్వండి' అని," అన్నాడు జక్కయ్య.

శ్రీదుర్గ చెయ్యి మెలి మీదే ఆగిపోయింది.

"ఒక్క పోగు కూడా వదలను," అని అక్కడే చతికిలబడింది. రెండు పగళ్లు విడదీసింది, తెగినవి ముడేసింది. అయిదు చీరలకు సరిపడా దక్కింది.

మూడో రోజు బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్లింది. ప్రతి టీకొట్టు దగ్గరా అడిగింది.

"ఏ నబీ అమ్మా? ఏ ఊరు?"

ఊరేదో ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు.

తిరుగు బస్సులో గైడుకు ఉత్తరం రాసింది. "సార్, వాక్యం దొరికింది. నెమ్మదిగా మారిస్తే, ఒకచోట తేల్చుకున్న సంగతి పక్కవాటికి చేరే వ్యవధి ఉంటుంది."

ఆ వ్యవధి మూడేళ్లుగా కండువా వేసుకుని తమ వీధిలోనే నడిచింది. అరుగు మీద కూర్చోమన్నది తనే.