ఊఁ

"మెట్లు రెండేసి చొప్పున ఎక్కేదానివి. ఇవాళ ఒక్కోదాన్నీ బతిమాలుకుంటూ వచ్చావేం, అమ్మాయ్?"

గడియారాల మేస్త్రి తల ఎత్తకుండానే అడిగాడు. ఎత్తినా ఆయనకు కనిపించేదేమీ లేదు. చూపు పోయి రెండేళ్లయింది, వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియవు. అయినా రోజూ దుకాణం తెరుస్తాడు. గోడల మీద పదహారు గడియారాలు కొట్టుకుంటూ ఉంటాయి. వాటిలో దేనికి నలతగా ఉందో కూర్చున్న చోటి నుంచే చెబుతాడు.

ఆమె గుమ్మంలో ఆగింది. ఏమని పిలవాలో గుర్తు చేసుకుని, "ఒంట్లో బాగుండలేదు, తాతగారూ" అంది.

"గొంతూ అలాగే ఉంది."

"జలుబు."

"నాలుగు నెలలు కనిపించకుండా పోయావు, అన్నాళ్ల జలుబా?" అని నవ్వి, స్టూలు ఆమె వైపు తోశాడు.

కూర్చుంటుంటే ఆమె మోకాలు చిటుక్కుమంది. మేస్త్రి చెవి అటు తిరిగింది. ఆమె బ్యాగులోంచి రికార్డరూ నోటుబుక్కూ తీసింది. ఆయనకు కనిపించదు కదా అనుకుని ధైర్యం తెచ్చుకుంది.

థీసిస్ అంతా చెవితో పనిచేసేవాళ్ల గురించి. రైలు చక్రాన్ని సుత్తితో తట్టి పగులు పట్టేవాడు, ఇంజను మోత విని దాని జబ్బు చెప్పే మెకానిక్కు, కుండను వేలితో కొట్టి చూసే కుమ్మరి, ఈ ముగ్గురితో మాటలు ఎప్పుడో పూర్తయ్యాయి. నాలుగో మనిషి ఈ మేస్త్రి. ఇరవై ప్రశ్నల్లో పదిహేనే అయ్యాయి. మిగిలిన అయిదూ లేకపోతే ఆఖరి అధ్యాయం నిలబడదనీ, నెలాఖరు దాటితే థీసిస్ తీసుకోరనీ గైడు తేల్చి చెప్పాడు. అయిదేళ్ల కష్టం అయిదు ప్రశ్నల దగ్గర ఆగిపోయింది. మేస్త్రి చూస్తే కొత్తవాళ్ల దగ్గర నోరు విప్పే రకం కాదు. ఆమధ్య గైడే స్వయంగా వస్తే, ఎండల గురించి కాసేపు మాట్లాడి పంపించేశాడట.

ఆమె పదహారో ప్రశ్న చదివింది. 'ఎస్కేప్‌మెంటు' అన్న మాట దగ్గర నాలుక మడతపడింది. మళ్లీ మొదలుపెట్టి, కూడబలుక్కుంటూ పూర్తి చేసింది.

"ఆ మాట నాకు నేర్పిందే నువ్వు కదా" అన్నాడు మేస్త్రి. "నేను పళ్లచక్రం అంటే ఎంత నవ్వావో! పదహారు గడియారాలూ ఒక్కసారి గంట కొట్టినట్టు నవ్వావు."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. పెదవి కొరికి పట్టుకుంది.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. బాగున్న గడియారం సమంగా అడుగులు వేస్తుంది, జబ్బుపడ్డది కుంటుతుంది. ఏ కాలు కుంటుతోందో పట్టుకుంటే సగం పని అయినట్టే. అంత చెప్పి టక్కున ఆగిపోయాడు.

"ఊఁ అనవేం?"

ఆమె రాస్తున్న చెయ్యి ఆగింది.

"ఊఁ కొట్టకపోతే నాకు మాట సాగదని తెలుసుగా. గోడకు చెప్పుకోవాలంటే నాకు నాలుగున్నాయి."

ఊఁ సంగతి ఆమెకు తెలియక కాదు. పాత రికార్డింగు ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఆయన ఏ మాట తర్వాత ఊఁ పడిందో, ఏది మామూలు ఊఁ, ఏది ఆశ్చర్యపోయిన ఊఁ, ఏది నవ్వాపుకున్న ఊఁ, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మాటలన్నీ కాగితం మీద పెట్టేటప్పుడు ఆ ఊఁలన్నీ కొట్టెయ్యమని గైడు చెప్పాడు. ఆమెకు చెయ్యి రాలేదు. నూట నలభై రెండు ఊఁలనూ అలాగే ఉంచితే, ఇదేం థీసిసమ్మా అని ఆయన విసుక్కున్నాడు.

"ఊఁ" అంది ఆమె.

మేస్త్రి ముందున్న గడియారాన్ని పక్కకు జరిపాడు. తర్వాత గొంతు సవరించుకుని, ముందుకంటే నెమ్మదిగా, ఆమె రాసుకోవడానికి వీలుగా చెప్పుకుంటూ పోయాడు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది అయ్యాయి. ఊఁ ఒక్కోసారి ఆలస్యంగా పడింది, ఒక్కోసారి మాట మధ్యలో పడింది. ఆయన తప్పు పట్టలేదు.

"నీ చేతి గడియారం ఇంకా కుంటుతూనే ఉంది" అన్నాడు మధ్యలో. "ఈసారి వచ్చినప్పుడు బాగుచేయించుకుంటానన్నావు. ఇలా ఇవ్వు, నా వేళ్లకు అలవాటైన పనే."

"ఆపాలా?"

"ఆపకుండా ఎలా బాగుచేస్తారు?"

"అయితే వద్దు." ఆమె గడియారాన్ని రెండో చేత్తో కప్పేసుకుంది. "రోజూ పొద్దున్నే కీ ఇస్తున్నాను. కుంటితే కుంటనివ్వండి, ఆగకుండా ఉంటే చాలు."

ఇక ఇరవయ్యో ప్రశ్న మిగిలింది. గడియారం చప్పుడులో దాని జబ్బు కాక ఇంకేమైనా తెలుస్తుందా?

మేస్త్రి చాలాసేపు గోడల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"ఇది ఎవరికీ చెప్పలేదు. రాసుకో. కీ ఇచ్చే చెయ్యి తెలుస్తుంది. హుషారుగా బిగదీసే చేతికి ఒక చప్పుడు. ఎక్కడ విరుగుతుందోనని భయపడుతూ ఇచ్చే చేతికి ఒక చప్పుడు. నాలాంటివాడికి అది దాగదు."

"ఊఁ" అంది ఆమె, తల వంచుకుని రాసుకుంటూ. రాసి, కింద గీత గీసింది. అయిపోయింది. ఇక థీసిస్ ఇచ్చేయొచ్చు. గుండె మీది బరువు దిగుతుందనుకుంది గానీ దిగలేదు.

"రికార్డరు ఆపేశావా?" అని అడిగాడు మేస్త్రి.

"ఆపేశానండీ."

ఎవరొచ్చినా కుర్చీ వదలని మనిషి, బల్ల పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు.

"మీ అమ్మాయి పోయి ఎన్నాళ్లయిందమ్మా?"