తోడుగొంతు

హలో, అందరికీ వినబడుతున్నానా? అన్నాలు తిన్నారా? ఒక్క నిమిషం నా మాట వినండి.

సింహాద్రి లారీ డ్రైవరు. నాగపూర్‌లో సరుకు దించుతుండగా కళింగపట్నం దగ్గర తన ఊరి మీదికి తుఫాను వస్తోందని తెలిసి వెంటనే ఇంటికి ఫోన్ కలిపాడు. ఇంట్లో భార్య పైడమ్మ ఒక్కతే ఉంది.

ఆ రోజుల్లో సిగ్నల్ తెగినా ఫోన్ మాట ఆపేది కాదు. మనిషి కంగారు పడకుండా అవతలివాళ్ల గొంతుతో తనే కబుర్లు చెప్పేది. దాన్ని తోడుగొంతు అనేవారు. ఏది అసలు గొంతో తెలిసేది కాదు.

"షెల్టర్లోనే ఉన్నాను మావా. పులిహోర పెట్టినారు" అంది ఫోన్లో పైడమ్మ.

"నా వాటా కూడా నువ్వే లాగించీ" అని నవ్వి, సింహాద్రి టీ చెప్పుకున్నాడు.

టీ తాగుతుండగా బావమరిది అప్పలకొండ, షెల్టర్లో ఉన్న, సిగ్నల్ తెగని ఒకే ఒక్క శాటిలైట్ ఫోన్ నుంచి చేశాడు.

"బావా, నీకు బుద్దుందేటి? పైడమ్మప్పని ఇంటికాడే ఉండమన్నావట!"

"నేనా? అది నీ పక్కనే ఉంది కదరా!"

"ఎక్కడ? ఎంత లాగినా రాలేదు. 'మీ బావ ఊరి మొదట్లోకి వచ్చీసినానన్నాడు, తలుపు తియ్యాల' అనీసింది. ఇప్పుడా వీధిలోకి సముద్రం వొచ్చీసింది బావా."

సింహాద్రి మళ్లీ ఇంటికి కలిపాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"పైడీ, అటకెక్కవే! తొరగా!"

"ఎక్కినాను మావా. నువ్వు నిమ్మళంగా ఉండు" అంది ఆ గొంతు. వెనకాల గాలి చప్పుడైనా లేదు.

సముద్రపొడ్డున మనవాళ్లున్న ప్రతి ఒక్కరికీ ఈ కథ చేరాలి. ఫోన్లో మాత్రం పంపకండి బాబూ. అటు వెళ్లే మనిషికి నోటితో చెప్పి పంపండి.