అరవై ఎనిమిది మోడల్

"గిది అరవై ఎనిమిది మోడలా? గిది అరవై ఎనిమిది మోడలైతే నేను పెండ్లి గాని పిలగాన్ని!" అన్నాడు దావీదు, అంబాసిడర్ కింది నుంచి పాక్కుంటూ బయటికొచ్చి.

కారు అమ్మే లింగమూర్తి ముఖం మాడిపోయింది. పెద్దపల్లిలో తన వాకిట్లోనే, పొద్దున్నే కడిగించి పెట్టుకున్న కారును ఇంత మాట అంటే ఎవరికైనా కష్టమే. కొనడానికొచ్చిన ఆగయ్యకు మాత్రం మహా సంతోషంగా ఉంది. దావీదును గోదావరిఖని నుంచి బస్సులో వెంటబెట్టుకొచ్చింది ఇందుకే. ఇద్దరిదీ ఒకే గని. ఆగయ్య బొగ్గు నింపుతాడు, దావీదు ఇంజన్లు బాగుచేస్తాడు. కులం, మతం వేరైనా పదమూడేళ్లుగా పిలుపు మాత్రం బావా అంటే బావా.

ఆగయ్యకు ఇది సరదా బేరం కాదు. చిన్నకొడుకు బిక్షానికి గనిలో కొలువు దొరకలేదు. డ్రైవింగు నేర్చుకుని ఖాళీగా కూర్చున్నాడు. కారు మంచిదైతే టాక్సీ నడుపుకుని పెళ్లాంపిల్లల్ని పోషించుకుంటాడు. ముసలిదైతే వాళ్లతోపాటు కారును కూడా ఆగయ్యే పోషించాలి.

లింగమూర్తి రిజిస్ట్రేషన్ పుస్తకం తెరిచి చూపించాడు. "చూడండి, అరవై ఎనిమిది. ఇప్పుడు డెబ్బై నాలుగు. అంటే ఆరేండ్ల బండి. సర్కారు ముద్ర కూడా ఉంది."

దావీదు ఆ పుస్తకం వంక చూడలేదు. డ్రైవరు సీటు ముందు వంగాడు.

"బావా, ఇటు రా. గీ బ్రేకు పెడల్ జూడు. రబ్బరు పోయి ఇనుము గూడ అరిగింది. ఆరేండ్లల్ల గింత అరగాల్నంటే కాలుకు ఆకురాయి కట్టుకొని తొక్కాలె. ఇంజన్ ముందటి జాలి కొత్తది బిగించిన్రు, లోపట డ్యాష్‌బోర్డు పాతదే. గిది యాభై ఎనిమిదిల పుట్టిన బండి. మిలిట్రీ వేలంపాటల ఎవడో కొని, అరవై ఎనిమిదిల పుస్తకంల ఎక్కిచ్చిండు. గంతే."

"అయితే పుస్తకం అబద్ధమాడుతుందంటారా?" అన్నాడు లింగమూర్తి.

ఆగయ్యకు నవ్వాగలేదు. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. గెలుస్తున్న మనిషికి నోరెక్కడ మూతపడుతుంది?

"పుస్తకం ముచ్చట నాకు చెప్పకుండ్రి సారూ. కంపెనీ పుస్తకంల నా వయసెంతనో ఎరికేనా? నలభై తొమ్మిది!"

లింగమూర్తి అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "మరి అసలెంత?"

"అరవై ఒకటి! రజాకార్ల జమానల్నే నాకు ముగ్గురు పిల్లలు. గనిల చేరెటప్పుడు మీసం తీసేసి, నెత్తి నున్నగ గొరిగిచ్చుకొని పోయిన. తెల్ల ఎంటిక కనబడితే గద! వయసెంత అన్నడు గుమాస్త. నాకేమెరుక సారూ, మీరే జూసి రాసుకోండ్రి అన్న. ముప్పై ఆరు అని రాసుకున్నడు. పన్నెండేండ్లు ఒక్క గీకుడుకే పోయినయ్! అరవై నిండితే ఇంటికి పంపుతరు గని, పుస్తకం లెక్కన నాకింకా పదకొండేండ్ల డ్యూటీ ఉన్నది."

"భలే!" అని ముచ్చటపడ్డాడు లింగమూర్తి. "ఏ గని మీది?"

ఆగయ్య గని పేరు చెప్పాడు. అడక్కుండానే టోకెన్ నంబరు కూడా చెప్పాడు. కొత్త మనిషి ముందు ఇంత వాగుడెందుకని దావీదు గట్టిగా దగ్గాడు కానీ, ఆగయ్య వినిపించుకునే స్థితిలో లేడు.

"మనిషినైనా బండినైనా కండ్లతోని జూసి వయసు కట్టాలె సారూ. కాయితం మీద యాభై ఎనిమిది మోడల్ అని రాయుండ్రి. గా ధరకే ఇయ్యుండ్రి."

లింగమూర్తి తలూపాడు. లోపలికి వెళ్లి తెల్లకాగితం, కలం తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముఖంలో కోపం లేదు.

"మీరన్నది న్యాయమే. అసలు ఈ బండి అమ్మాలని నాకూ లేకుండె. కొత్త కొలువులో కంపెనీ జీపు ఇస్తున్నది. ఇంక రెండెందుకని."

"ఏ కంపెనీ సారూ?"

"మీదే. సోమవారం మీ గని ఆఫీసులో చేరుతున్న. కార్మికుల వయసుల రిజిస్టరు మొత్తం సరిచూసే పని నాకే అప్పజెప్పిన్రు." లింగమూర్తి కలం మూత తీశాడు. "ఇంతకూ పుస్తకాన్ని నమ్ముదామా, వద్దా? మీరెట్లంటే అట్లనే."

ఆగయ్య ఇరుకున పడ్డాడు. ఒకపక్క బిక్షం బతుకుదెరువు, ఇంకోపక్క తన కొలువు. కళ్లతో చూసి వయసు కట్టాలన్నది తనే. అట్లా కడితే సోమవారమే ఇంటిదారి. దిక్కుతోచక దావీదు వైపు తిరిగాడు. బావ నిక్కచ్చి మనిషి, ఆదివారం చర్చి తప్పడు, చచ్చినా అబద్ధమాడడు. ఏదో ఒక దారి చూపిస్తాడని గంపెడాశ.

దావీదు అప్పటికే కారు చుట్టూ ఇంకోసారి తిరుగుతున్నాడు. బానెట్‌ను భుజం మీది తువ్వాలతో ప్రేమగా తుడిచాడు. పెడల్ వైపు చూడనైనా లేదు.

"అరవై ఎనిమిదే రాయుండ్రి సారూ. ఇందాక ఎండకు నా కండ్లు మసకలైనయ్. ఇప్పుడు జూస్తే కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది."

"అదేంది బావా! మరి పెడల్? జాలి? మిలిట్రీ?" లబలబలాడాడు ఆగయ్య.

దావీదు అతన్ని పక్కకు లాగి చెవిలో గొణిగాడు.

"నోర్మూసుకొని ఏలుముద్ర ఎయ్యి బావా. నీయి పన్నెండేండ్లే, నాయి పదిహేను!"