పచ్చ గుడ్డలు

గల్ఫ్‌లో ఖయ్యూమ్ చవగ్గా కొన్న పాత స్పోర్ట్స్ కారు జాకీల మీద ఉంది. అడ్డంగా జారుతూ తిరిగే డ్రిఫ్ట్ కారు కావాలంటే, వెనక చక్రాలు రెండూ ఒక్కటిగా తిరిగేలా వాటి మధ్య గేర్లను వెల్డ్ చేయాలి. వెల్డర్ జలంధర్ కారు కిందికి దూరాడు.

"గట్టిగ వెల్డింగ్ కొట్టన్నా. రేపే లుసైల్ల తిప్పుత."

"రోడ్డు మీదనా?"

"వరల్డ్ కప్ కోసం ఏసిన కొత్త రోడ్డు. ఇంకా తెర్వలే. మధ్యాహ్నం ఒక్కడుండడు. మొన్న దోస్తు కార్ల పోయినం. అంచుకు పచ్చ గుడ్డలు కప్పిన కుప్పలుంటయ్ గద, వాటి పక్కకెల్లి గిర్రున తిప్పిండు. మస్తుండె!"

జలంధర్ బయటికి వచ్చాడు.

"అవి కుప్పలు గావు. మా తమ్ముడు తిరుమల్ ఆ రోడ్డు పనే చేస్తడు. ఎండకు పని ఆపినంక అందరు ఆ గుడ్డల కిందనే పండుకుంటరు."

ఖయ్యూమ్ నవ్వు ఆగిపోయింది.

"ఒక గుడ్డ టైరుకు చుట్టుకున్నదన్నా. గుంజి పారేసి వచ్చినం. వెనక్కి సూడలే."

జలంధర్ తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"మంచిగనే ఉన్ననన్నా," అన్నాడు తిరుమల్. "మొన్న ఎవడో కారు మీదికే తెచ్చిండు. గప్పటిసంది ఎవ్వరం పండుకుంటలేం. ఎండలనే కూసుంటున్నం."

ఖయ్యూమ్ చెయ్యి చాచాడు.

"ఫోన్ నాకియ్యన్నా."