సింగారి బురదగుంట

ఒక వాగు ఒడ్డున సింగారి అనే ముసలి బర్రె ఉండేది. దానికి బురదంటే ప్రాణం. పొద్దెక్కితే చాలు, వాగు వంపున ఒండ్రుమట్టిలో దొర్లి దొర్లి, సుఖంగా కళ్లు మూసుకునేది.

"బురదే తిని బతుకుతావా వదినా?" అని నక్క ఎకసెక్కాలాడేది.

ఆ మాట సింగారికి గుచ్చుకునేది. మోకాళ్లు పట్టేసి దూరం మేతకు పోలేకపోయేది, దగ్గరున్న గడ్డేమో మాడిపోయింది. ఎండాకాలం గట్టెక్కేదెలాగో దానికి తోచలేదు.

ఆ ఏడు జోరీగలు చెలరేగాయి. ఆవులూ గాడిదలూ తోకలు విసిరి విసిరి అలిసిపోయాయి. సింగారి మీద మాత్రం ఒక్కటీ వాలలేదు.

"ఏం పూసుకున్నావే అత్తా?" అంది ఓ పెయ్య.

"ఈ మట్టేనే పిల్లా. నాలుగు పరకల పచ్చగడ్డి తే, నీకూ పూస్తా."

సాయంత్రానికి సింగారి ముందు గడ్డి కుప్ప పడింది. మరి నక్క ఊరుకుంటుందా? మర్నాడే ఎదురుగా నల్లరేగడి గుంట తవ్వి, "సగం గడ్డికే!" అని కేకలేసింది. గడ్డి తినని నక్కకు గడ్డెందుకంటారా? పక్కింటి కుప్ప చూస్తే కడుపు మండుతుంది కదమ్మా!

గాడిద ఆశగా దిగింది. ఎండకు ఆ రేగడి బిగుసుకుని దాని వెంట్రుకలన్నీ పీకేసింది. గాడిద తన్నిన తన్నుకు నక్క కుంటుకుంటూ సింగారి దగ్గరికొచ్చింది.

"ఏ మట్టి మంచిదో నీకెలా తెలిసింది వదినా?"

"పదిహేనేళ్లు దొర్లితే తెలిసింది నాయనా. దిగు, చూపిస్తా" అంటూ సింగారి పక్కకు జరిగి చోటిచ్చింది.

నక్క బురద వంక చూసింది. తన కుచ్చుతోక వంక చూసుకుంది.

"దిగకుండా నేర్చుకునే దారేదీ లేదా వదినా?" అంది.